కలివికోడి కొండలు

కర్నూలు, కడప సీమలలో ఏ ఊరి మిట్టమీద నిలిచి చూచినను, చూపు ఆగినచోట ఒక కొండవరుస కనబడుచుండును. పడమట ఎఱ్ఱమల, తూర్పున నల్లమల, పెన్న ఒడ్డున లంకమల, దాని కావల వెలికొండ, పెన్నకు దక్షిణమున పాలకొండలు, శేషాచలము. ఈ కొండలలో పండునది తక్కువ, రాయి ఎక్కువ. వీని పాదములనున్న తుప్పనేలకు రెవెన్యూ దస్త్రములలో బంజరు, బీడు, పోరంబోకు అను పేర్లే గాని మఱొక గౌరవము లేదు. 2022లో జిల్లాలు విభజింపబడి నల్లమల అంచులలో పెక్కుభాగము నంద్యాల జిల్లాలో చేరినది. చెప్పబోవునది పాతకథ గనుక మేము పాతపేర్లనే వాడుచున్నాము.

పంటకు రాని కొండనేలను, అందులో తిరుగు మృగములకును పక్షులకును విడిచిపెట్టవలెనని కఱవుసీమ జనులను అడుగుట న్యాయమా? అడిగినచో వారు ఒప్పుకొందురా? ఈ ప్రశ్నకు పుస్తకములలో సమాధానము వెదకనక్కఱలేదు. గడచిన నూటయేబది ఏండ్లలో ఈ కొండలలో జరిగిన సంగతులే సమాధానము చెప్పుచున్నవి.

కొండకును మైదానమునకును ఈ సీమలో చుట్టఱికము పాతది. అహోబిలమున నరసింహస్వామి చెంచుల ఆడుబిడ్డను పెండ్లాడెనని జనులు చెప్పుకొందురు. సంక్రాంతి పండుగతో స్వామి పల్లకి నల్లమల దిగి, నలువది దినములకు పైగా పల్లెపల్లెకు తిరుగును. తన కల్యాణమునకు రండని స్వామియే స్వయముగా గడపగడపకు వచ్చి పిలుచుచున్నాడని వారి నమ్మకము. దీనికి పార్వేట యని పేరు. శ్రీశైల మల్లికార్జునుని చెంచులు చెంచుమల్లయ్య యని తమ యింటి అల్లునివలె పిలుచుకొందురు. కొండ పరాయిది కాదను భావము ఈ విధముగా ఆచారములోనే నిలిచియున్నది.

ఆ చుట్టఱికమునకు చీలిక తెచ్చినది పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగము. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పట్టిన కఱవు కర్నూలు, కడప జిల్లాలను మిక్కిలి పీడించెను. మనవారు దానిని ధాత కఱవు అందురు. వానలు తప్పిన అట్టి కాలములలో పశువులకు మేతయు, మనుష్యులకు ఆకు, దుంప, కాయయు ఇచ్చినది అడవియే. కఱవు తీఱిన కొద్ది ఏండ్లకే, 1882లో, మద్రాసు అటవీచట్టము వచ్చెను. కొండలు రిజర్వు అడవులయ్యెను. అడవి నఱుకుడుపడి పోకుండ కాపాడవలెనను తలంపు చెడ్డది కాదు. కాని ఆ తలంపును పల్లెకు వచ్చి చెప్పినవారు లేరు. పల్లె సమ్మతిని అడిగినవారు అంతకన్న లేరు. అడవి యనగా గార్డు, జరిమానా, బందెలదొడ్డి అను మూడు మాటలే పల్లెకు తెలిసినవి. తేనె పట్టుట, కాయలు కోయుట, కట్టె తెచ్చుట తాతలనాటి వృత్తులుగా గల చెంచువాడు తన అడవిలో తానే దొంగయయ్యెను.

ఈ పగ ఎంతవఱకు పోయెనో నల్లమల ఉత్తరపు కొసనున్న పల్నాడు చూపినది. 1921–22లో అచ్చటి రైతులు పశువుల మేతపై వేసిన పుల్లరి కట్టమని తిరుగబడిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియయ్యెను. ఆయనను మనము స్వాతంత్ర్యవీరుడుగా స్మరించుచున్నాము, అది న్యాయమే. ఆ కథలో మఱొక పాఠముగూడ కలదు. ఊరిని వెలుపల నిలిపి అడవిని కాపాడబూనినచో, ఊరు అడవిమీదనే కసి తీర్చుకొనును.

దేశము స్వతంత్రమైన పిమ్మట అడవిని గూర్చిన ఆలోచన మాఱెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1978లో కృష్ణకు ఇరుప్రక్కల నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము ఏర్పడెను. 1983లో అది 3,568 చదరపు కిలోమీటర్ల పులుల సంరక్షణకేంద్రమయ్యెను. విస్తీర్ణములో అది దేశమందలి అట్టి కేంద్రములన్నిటిలో పెద్దదిగా పేరొందెను. కాని ఎల్లలు గీచుట వేఱు, ఎల్లలకు ఈవల నున్నవారి మనసు గెలుచుట వేఱు. ఆ రెండవపని ఎట్లు మొదలిడవలెనో పెద్దపులికన్న ముందు ఒక చిన్నపక్షి తెలిపినది.

1848 ప్రాంతమున మద్రాసు సైన్యములో వైద్యుడుగా నున్న థామస్ జెర్డన్ తూర్పుకనుమల తుప్పనేలలలో ఒక పక్షిని కనుగొనెను. అది పావురమునకు కొంచెము చిన్నది. పొడుగుకాళ్లు, రొమ్ముపై రెండు పట్టెలు దాని గుఱుతులు. పగలు పొదలలో దాగి, రాత్రులందు నేలపై తిరుగును. ఎగురుటకన్న పరుగెత్తుటయే దానికి అలవాటు. శాస్త్రగ్రంథములలో ఆ పక్షికి జెర్డన్ పేరు నిలిచినది. 1900లో అనంతపురము దగ్గఱ ఒకమాఱు కనబడిన తరువాత అది పండితుల కంటికి కానరాలేదు. మధ్య మధ్య వెదకినవారు వట్టిచేతులతో మఱలిరి. కాలక్రమమున అది నశించిన జాతులలో చేరెనని పలువురు తలచిరి.

1985–86లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చెను. ఆయన దుర్భిణితో అడవిలోనికి పోవుటతోనే తృప్తిపడలేదు. పక్షి బొమ్మను వెంటబెట్టుకొని పల్లెలలో తిరుగుచు, వేటగాండ్రను, పసులకాపరులను అడిగెను. సిద్ధవటము, బద్వేలు ప్రాంతమున, లంకమల పాదముననున్న రెడ్డిపల్లె దగ్గఱ ఐతన్న యను వేటగాడు ఆ పక్షిని ఎఱిగియుండెను. 1986 జనవరిలో ఒకనాటి రాత్రి ఐతన్న దీపపు వెలుగులో దానిని పట్టుకొనెను. పట్టుబడిన పక్షి ఎక్కువకాలము బ్రదుకలేదు; కాని ఆ జాతి బ్రదికియున్నదని లోకమునకు తెలిసినది. పక్షిశాస్త్రమున దేశమునకు పెద్దదిక్కైన సలీం అలీ తన కడపటి సంవత్సరములలో, 1987లో కన్నుమూయుటకు ముందు, ఈ వార్తను వినగలిగెను.

ఎనుబదియాఱు ఏండ్లు పండితులకు లేనిపక్షి పల్లెకు ఉన్నది! కలివిపొదలలో తిరుగునది గనుక ఆ ప్రాంతమువారు దానికి కలివికోడి యని పేరుకూడ పెట్టుకొనియుండిరి. వచ్చి అడిగినవారు లేకపోయిరి, అంతియే. అడిగిననాడు వేటగాడే సాక్షియయ్యెను. అడవికి పల్లె మద్దతు కూడగట్టుట అనగా ఏమియో ఈ చిన్నసంగతిలో మొదటి పాఠము కలదని మేము తలచుచున్నాము. చెప్పుటకు ముందు అడుగవలెను.

1988లో లంకమల కొండలలో సుమారు 464 చదరపు కిలోమీటర్ల మేర శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడెను. ఆ యేడే ఈ పక్షి బొమ్మతో తపాలాబిళ్ల వెలువడెను. లంకమల్లేశ్వరుని కొలుచుటకు శివరాత్రికి పోవు జనులకు తాము నడచు త్రోవ ప్రక్కనే ప్రపంచములో మిక్కిలి అరుదైన పక్షులలో ఒకటి నివసించుచున్నదని అప్పుడు తెలిసినది.

తరువాతి పరిశోధనలు మఱొక ఆశ్చర్యమును బయటపెట్టెను. రాత్రిపక్షిని కంటితో చూచుట కష్టము గనుక పరిశోధకులు నేలపై మెత్తనిమట్టి పఱచి అడుగుజాడలు చూచిరి. దానంతట అది ఛాయాచిత్రము తీయు కెమెరాలను పొదలనడుమ అమర్చిరి. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు, బోడినేలయు పనికిరాదు. రెండు మీటర్లకు మించిన పెద్దపొదలు హెక్టారునకు 300 నుండి 700 వఱకు ఉండి, చిన్నపొదలు వెయ్యికి లోపుగా ఉన్న పలుచని తుప్పనేల దానికి ఇల్లు. గొఱ్ఱెలు, మేకలు, పశువులు మితముగా మేయుటయు, పల్లెవారు మితముగా కట్టెకొట్టుటయు ఆ నేలను ఆ స్థితిలో నిలిపియుంచును. మేత పూర్తిగా నిలిచినచో పొదలు దట్టమై పక్షి పోవును. మేత మితిమీఱినచో పొదలే పోవును. కావున గొఱ్ఱెలకాపరి ఈ పక్షికి శత్రువు కాడు. వానిని తరిమివేసిన రక్షణ పక్షికే కీడు చేయగలదు. వానితో మాటలాడి, ఎంత మేపవలెనో, ఎచ్చట మేపవలెనో ఒక ఒప్పందమునకు వచ్చిన రక్షణయే నిలుచును.

ఆ తుప్పనేలకు పెద్ద ఆపద గొఱ్ఱెవలన గాక నాగలివలనను, యంత్రమువలనను వచ్చెను. 1991, 2000 సంవత్సరముల మధ్య ఉపగ్రహచిత్రములను పోల్చి చూచినవారు, ఈ ప్రాంతపు తుప్పనేలలో పదింట ఒకవంతునకు మించి పోయెననియు, పోయినదానిలో ఎక్కువ సేద్యపుభూమిగా మాఱెననియు గ్రహించిరి. ఇంతలో కాలువ వచ్చెను.

తెలుగుగంగ సంగతి మన శ్రోతలకు తెలియనిది కాదు. 1983 ఒప్పందము మేరకు కృష్ణాజలము శ్రీశైలము నుండి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా మద్రాసు నగరమునకు పోవలెను. పోవుచు త్రోవలో రాయలసీమ, నెల్లూరు భూములను తడుపవలెను. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడినదే భాగ్యమని తలచు కడప రైతునకు ఈ కాలువ తలముల కల. 2005 చివరిభాగమున ఈ పథకమునకు చెందిన ఒక కాలువకై యంత్రములు కలివికోడి తిరుగు తుప్పనేలలో త్రవ్వకము మొదలిడెను. అచ్చట పని చేయుచుండిన పరిశోధకులు దానిని చూచి తెలిపిరి. అటవీశాఖ పనిని ఆపించెను. విషయము సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికారిక సంఘము వఱకు పోయెను. తుదకు కాలువ త్రోవ మార్చబడెను. పక్షికి కావలసిన ప్రక్కభూములను సేకరించి అభయారణ్యమునకు చేర్చుటకును నిర్ణయమయ్యెను.

ఇచ్చట మేము ఒక మాట దాచక చెప్పవలెను. నీరు ముఖ్యమా, పిట్ట ముఖ్యమా యని ఆనాడు అడిగినవారు మూర్ఖులు కారు. బావి ఎండి, పొలము బీడుపడి, వలసపోయిన ఇంటివాడు ఆ ప్రశ్న అడుగుటకు హక్కుగలవాడు. వానికి తగిన సమాధానము ఒకటే: కాలువ ఆగలేదు, ఒక మలుపు తిరిగినది. నీరును వచ్చును, పిట్టయు నిలుచును. ఈ సమాధానమును ఊరూరికి తీసికొనిపోయి చెప్పినవారు ఎందరు? ఆ విజయము పరిశోధకులది, అటవీశాఖది, న్యాయస్థానముది. ఊరిది కూడ అని చెప్పగలిగిననాడు అది పూర్తి విజయమగును.

ఊరి మనసు కలియనిచో ఏమగునో కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు చెప్పును. అది కొండ కాదు. నందికొట్కూరు ప్రాంతపు గడ్డిమైదానము. అయినను ఈ కథకు అది తోబుట్టువు. అచ్చట 1980ల తొలిసంవత్సరములలో బట్టమేకపిట్టలు పదులకొలది తిరుగుచుండెను. మగపిట్ట పదునైదు కిలోల వఱకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వానిలో అదియొకటి. 1988లో సుమారు 614 హెక్టారులు అభయారణ్యమయ్యెను. రక్షణతో కృష్ణజింకలు పెరిగి చుట్టుపొలములలో పడి పంటలు మేసెను. నష్టపోయిన రైతులు అభయారణ్యమునే తిట్టుకొనిరి. మఱొకవైపు సాగునీరు వచ్చి చుట్టునున్న బీళ్లు, మెట్టపొలములు రూపుమాఱెను. బట్టమేకపిట్ట కంచెలోపలి గడ్డితోనే బ్రదుకునది కాదు. వెలుపలి మెట్టచేలుకూడ దానికి కావలెను. ఆ చేల యజమానులతో చెలిమి కుదురలేదు. పిట్ట కనబడుట నానాటికి అరుదై, తుదకు ఆ మైదానమున దాదాపు మాయమయ్యెను. చట్టము ఉన్నది, కంచె ఉన్నది, కావలివాడు ఉన్నాడు, పిట్ట లేదు.

దీనికి ఎదురుగా నిలుపదగిన సంఘటన 2019లో జరిగెను. కృష్ణకు ఆవలి ఒడ్డున గూడ అదే నల్లమల. రాష్ట్రము విభజింపబడిన పిమ్మట ఆ భాగము తెలంగాణలో అమ్రాబాదు పులుల సంరక్షణకేంద్రమయ్యెను. అందులో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము నిక్షేపములను అన్వేషించుటకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహాసంఘము సూత్రప్రాయముగా అంగీకరించెను. అడవిలో బోరులు వేసి పరీక్షింపవలెను. ఖనిజము దొరికినచో గని రాకుండునా యని జనులు భయపడిరి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గని చుట్టునున్న పల్లెల రైతులు భూగర్భజలము చెడెనని మొఱపెట్టుకొనుచుండిన సంగతి అప్పటికే రెండు రాష్ట్రములవారికి తెలిసియుండెను.

చెంచుపెంటలనుండి మాట మొదలయ్యెను. అమ్రాబాదు, పదర ప్రాంతముల రైతులు త్రోవలపై కూర్చుండిరి. విద్యార్థులు, రచయితలు, చలనచిత్రనటులు, వేర్వేఱు పక్షముల రాజకీయనాయకులు వారితో గొంతు కలిపిరి. సేవ్ నల్లమల యను మాట ఇంటింట వినబడెను. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను.

ఇంతమంది ఏల కదలిరి? పులికొఱకు మాత్రమే కదలిరని చెప్పుట సత్యము కాదు. ఆ అడవిలో చెంచుల ఇండ్లు ఉన్నవి. ఆ కొండలనీరు చేరు కృష్ణమీదనే శ్రీశైలము, నాగార్జునసాగరము ఉన్నవి. నగరములు త్రాగు నీరు ఉన్నది. పులి ఇల్లును, చెంచు ఇల్లును, మన కడవయు ఒక్కచోటనే ఉన్నవని జనులకు తోచినది. తోచిన మఱుక్షణమున కొండ తమదయ్యెను. రోళ్లపాడులో జరుగనిది, లంకమలలో సగము జరిగినది, నల్లమలలో జరిగినది ఇదియే.

నీటి సంగతి ఊరక చెప్పిన మాట కాదు. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభము చెఱువును నింపి, సముద్రమునకు పోవుచున్నది. విజయనగర కాలమున వరదరాజమ్మ కట్టించెనని చెప్పు ఆ చెఱువు నేటికిని పొలములను తడుపుచున్నది. కొండపై చెట్టు, తుప్ప, గడ్డి ఉన్నంతకాలము వాననీరు మెల్లగా దిగును. అవి పోయిననాడు వాన ఒండ్రుగా పరుగెత్తి వచ్చి చెఱువును పూడ్చును. కొండను ఏమియు చేయక విడిచిపెట్టుట వృథా యని తలచువారు కంభము కట్టమీద నిలిచి ఆలోచింపవలెను.

మఱి ఇకముందు చేయవలసినది ఏమి? మొదటిది, తుప్పనేలను బంజరు అనుట మానవలెను. పేరు చెడినచో బ్రదుకు చెడును. రెండవది, కొండను ఎఱిగినవారిని ముందుగా అడుగవలెను. పులుల సంరక్షణకేంద్రములలో చెంచులు జాడలు చూచువారుగా, కావలివారుగా పనిచేయుచున్నారు; 2006 అటవీహక్కుల చట్టము వారి హక్కులను గుర్తించినది. ఆ త్రోవ విశాలము కావలెను. మూడవది, జింక మేసిన చేనికి, పులి చంపిన ఆవునకు నష్టపరిహారము ఆలస్యము లేక చేతికి అందవలెను. కొండపై ప్రేమకు రైతు ఒక్కడే మూల్యము చెల్లింపరాదు. నాలుగవది, బద్వేలు, సిద్ధవటము, ఆత్మకూరు, అహోబిలము ప్రాంతముల పాఠశాలలలో పిల్లలు తమ కొండలోని పక్షిని, చెట్టును, ఏఱును పేరుతో ఎఱుగవలెను. దూరదేశపు జంతువుల బొమ్మలు వారికి తెలియును, కలివికోడి తెలియదు.

ఈ ప్రసంగము వినికిడికి సంబంధించినది గనుక వినికిడి మాటతోనే ముగింతుము. కలివికోడి సూర్యుడు అస్తమించిన ముప్పాతిక గంటకు, చీకటి కమ్ముకొన్న పిమ్మట, రెండక్షరముల చిన్నకూత కూయును. కొద్ది నిమిషములు కూసి ఊరకుండును. పెక్కేండ్లు ఆ కూత ఎవరి చెవికిని తగులక, జాతి అంతరించెనేమోయని మరల అనుమానము పుట్టెను. 2025 ఆగస్టులో కడప జిల్లాలో పక్షిపరిశీలకులు కొందఱు ఒక రాత్రి ఆ కూతను మఱల విని, ధ్వనిముద్రణ చేసిరి. రెండవమాఱు కూడ ఆ పక్షి మనకు అవకాశము ఇచ్చినది. లంకమల చేరువ పల్లెలవారు సందెదీపము వేళ అరుగుమీద కూర్చుండి ఒకింత చెవియొగ్గవలెనని మేము కోరుచున్నాము. విన్నవారు మఱొకరికి చెప్పవలెను. వినబడనినాడును చెప్పవలెను.